కుళాయి చెడగొట్టిన మనిషి

మా మనవడికి కూతురు పుట్టి పదహారు రోజులు దాటినా వాడు బిడ్డను ముట్టుకోలేదు. ఆస్పత్రిలో అద్దం అవతలి నుంచి ఒక్కసారి చూశాడు. చూసి, చేతులు రెండూ ప్యాంటు జేబుల్లో కుక్కుకొని, మెట్లు దిగి ఇంటికి వచ్చేశాడు. పదిహేడో రోజు, సోమవారం పొద్దున, రొట్టె ముక్కలకు వెన్న రాస్తూ, "ఒరేయ్, దాని ముక్కు అచ్చం మీ అమ్మ ముక్కేరా" అన్నాను. వాడు టీ గ్లాసులోకి చూస్తూ, "మంచిదే" అన్నాడు. పుట్టిన బిడ్డ గురించి తండ్రి అనవలసిన మాటేనా అది? పక్కింటివాళ్లు కొత్త ఫ్యాను కొన్నారని చెప్పినా మనుషులు అంతకంటే ఎక్కువ మాట్లాడతారు.

వాడిని పెంచింది నేనే. నా కూతురు, అంటే వాడి తల్లి, వాడికి నాలుగేళ్లప్పుడు జ్వరంతో పోయింది. అప్పటి నుంచి ఈ మూడో అంతస్తు ఇంట్లో నేనూ వాడూ. వాడికి ఏ పన్ను ఏ వారంలో ఊడిందో నాకు ఇప్పటికీ గుర్తే. నోట్లో నువ్వుగింజ నానని పిల్లాడు. పంతొమ్మిదో ఏట సైన్యంలో చేరాడు, వంతెనలు వేసే దళంలో. తొమ్మిదేళ్లు చేశాడు. చివరి రెండేళ్లు ఎక్కడో కొండల మధ్య గడిచాయి. అక్కడ ఏం చూశాడో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. మనిషి నిండుగానే తిరిగి వచ్చాడు, కాళ్లూ చేతులూ అన్నీ ఉన్నాయి. మాటను మాత్రం అక్కడే వదిలేసి వచ్చాడు.

వాడి భార్య సిటీ బస్సులో కండక్టరు. నేను ముద్దుగా కండక్టరమ్మా అని పిలుస్తాను. ఆ పిల్ల గొంతెత్తిందంటే వెనక సీట్లో దొంగనిద్ర పోయేవాడు కూడా లేచి టికెట్టు తీసుకోవలసిందే. వాడి మౌనాన్ని ఆ పిల్ల ఓర్చుకుంది, నన్ను కూడా ఓర్చుకుంది, అది చిన్న విషయం కాదు. ఏడో నెలలో ఉండగా ఒక ఆదివారం మధ్యాహ్నం, వాడు వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే వెనక నుంచి వెళ్లి భుజం మీద చెయ్యి వేసింది. అంతే. వాడు ఉలిక్కిపడి తోసేసరికి ఆ పిల్ల గోడకు కొట్టుకొని కింద కూలబడింది. మోచేయి వాచింది, కడుపులో బిడ్డకు ఏమీ కాలేదు. వాడు తన చేతులు ముందుకు చాచి, అవి ఎవరి చేతులో అన్నట్టు చూస్తూ నిలబడిపోయాడు. ఆ రోజే పడకను సామాను గదిలోకి మార్చాడు. పాత ట్రంకుపెట్టెకూ విరిగిన కుట్టుమిషనుకూ మధ్య ఆరడుగుల మనిషి, మోకాళ్లు ముడుచుకొని.

కాన్పుకు ఆ పిల్ల మూడు స్టాపుల అవతల ఉన్న వాళ్ల అమ్మ ఇంటికి వెళ్లింది. వెళ్లే ముందు నా పక్కన కూర్చుని, ఎన్నడూ లేనంత మెల్లగా చెప్పింది.

"అమ్మమ్మగారూ, తను బాగైపోవాలని నేను అడగట్లేదు. డాక్టరు దగ్గరికి వెళ్లమంటున్నా, అంతే. వెళ్లడం మొదలుపెట్టిన రోజు బిడ్డనెత్తుకొని వచ్చేస్తా. వెళ్లకపోతే రాను. నాకు తనంటే భయం లేదు. తనకే తనంటే భయం. ఆ భయం ఉన్న ఇంట్లో బిడ్డనెలా పెంచమంటారు?"

నేను లేచి ఆ పిల్ల సంచిలో పచ్చడి సీసా సర్దాను.

వాడు అసలు వెళ్లలేదని కాదు. మాజీ సైనికుల ఆస్పత్రికి ఒకసారి వెళ్లాడు. లోపలికి వెళ్లిన పది నిమిషాలకే బయట పడ్డాడు.

"ఆ డాక్టరమ్మ కాగితం ముందేసుకొని అడుగుతుందమ్మమ్మా. నిద్ర పడుతోందా? కోపం వస్తోందా? అవునంటే ఒక టిక్కు, కాదంటే ఒక టిక్కు. నేనేమన్నా బడిపిల్లాణ్ణా?"

"ఆవిడ పని ఆవిడ చేస్తోందిరా పాపం."

"చేసుకోనీ. ఆవిడకేం తెలుసు."

ఆ ఆస్పత్రి నాకు కొత్త కాదు. ముప్ఫై ఒక్క ఏళ్లు అక్కడి బట్టల గదిలో దుప్పట్లు ఉతికాను. రక్తం మరకకు చన్నీళ్లే పోయాలి, వేడినీళ్లు పోస్తే మరక అక్కడే కాపురం పెడుతుంది. ఆ రోజుల్లో సూది గుచ్చడానికి భయపడి, మా దుప్పట్ల గుట్ట వెనక్కి వచ్చి ఏడ్చిన పిల్ల ఒకతె ఉండేది. ఇప్పుడు మానసిక వైద్య విభాగంలో పెద్ద నర్సు. మంగళవారం ఆవిడ దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పుకున్నాను.

"పెద్దమ్మా, పాము కాళ్లు పాముకే ఎరుక" అంది నర్సు. "మా దగ్గర ఒకాయన ఉన్నాడు. సైన్యంలో చేసినవాడే. ఇక్కడే మందులు మింగాడు, ఇక్కడే ఏడ్చాడు, ఇక్కడే తేరుకున్నాడు. తర్వాత మేమే పని నేర్పి ఉద్యోగమిచ్చాం. డాక్టరు కాదు, మందులివ్వడు. తోడుంటాడు. తోడుమనిషి అంటాం ఆయన్ని. ఇంటికి కూడా వస్తాడు. కాకపోతే మీవాడు ఒప్పుకోవాలి. అడిగారా?"

"అడిగా. సరేనన్నాడు" అన్నాను.

అడగలేదు. అబద్ధం ఆడేటప్పుడు కూడా నా గొంతు వణకలేదు, అదే నా దరిద్రం.

ఒక అబద్ధం ఒంటరిగా ఉండలేదు కదా. బుధవారం మనవడితో, "రేపు పదింటికి కుళాయి బాగుచేసే అతను వస్తాడు, ఇంట్లో ఉండు" అన్నాను. చుట్టం వస్తున్నాడంటే వాడు చెప్పులేసుకొని వెళ్లిపోతాడు. పనివాడంటే ఉంటాడు, పక్కన నిలబడి పని సరిగా చేస్తున్నాడో లేదో చూస్తాడు. వంటింటి కుళాయి నెల నుంచి కారుతూనే ఉంది, కాబట్టి అది సగం నిజమే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

గురువారం సరిగ్గా పదింటికి తలుపు తట్టారు. నర్సు పంపిన తోడుమనిషే, యాభై ఏళ్లుంటాయి. పొట్టి మనిషి, గుండు, చంకలో గుడ్డ సంచి. నేను ఏదో ఒకటి చెప్పి ఇద్దరినీ కూర్చోబెడదామనుకునేలోపే మనవడు, "రండి, ఇటు" అని వంటింట్లోకి తీసుకెళ్లి, కుళాయి చూపించి, పానా ఆయన చేతిలో పెట్టాడు.

ఆయన పానా తీసుకున్నాడు! ఎందుకు తీసుకున్నాడో నాకు తర్వాత తెలిసింది. తోడుమనుషులకు నేర్పే మొదటి పాఠమే అదట. ప్రశ్నలతో మొదలుపెట్టకు, మనిషి ఏ పనిలో ఉంటే ఆ పనిలో నువ్వూ చెయ్యి కలుపు అని. ఈ అబ్బాయి మాట్లాడే ముందు పని చూపిస్తున్నాడు, మంచి లక్షణమే అనుకున్నాడట.

"ఎన్నాళ్ల నుంచి కారుతోంది?" అన్నాడు.

"నెల."

"ఈ చప్పుడు నిద్ర పట్టనివ్వదు."

"అవును" అన్నాడు మనవడు.

నేను గుమ్మం పక్కన నిలబడి, ఆహా, మాట కలిసింది అని మురిసిపోతున్నాను. ఇంతలో ఆ మహానుభావుడు నీళ్లు కట్టేయకుండానే పానా బిగించి గట్టిగా ఒక్క తిప్పు తిప్పాడు. కుళాయి తల తుపాకీ గుండులా లేచి, స్టీలు పళ్లాల స్టాండుకు తగిలింది. పళ్లాలన్నీ ఒక్కసారిగా నేల మీద పడ్డాయి. ఆ చప్పుడుకు వీధిలో కుక్క అరిచింది.

చూద్దును కదా, వంటింట్లో మగవాళ్లు ఇద్దరూ లేరు. నీళ్లు ఇంటి కప్పును తాకి వానలా కురుస్తున్నాయి, నేను గుంజలా నిలబడి ఉన్నాను. ఇద్దరూ బల్ల కింద ఉన్నారు. పక్కపక్కనే, తలలు చేతుల్లో దాచుకొని, ఒకే తీరుగా.

మనవడు ముందు తల ఎత్తాడు. పక్కనున్న మనిషిని చూశాడు. కుళాయిలు బాగుచేసేవాడు అలా బల్ల కింద దూరడని వాడికి వెంటనే తట్టినట్టుంది.

"ఏ దళం?" అన్నాడు.

"వంట" అన్నాడాయన, ముఖం మీద నీళ్లు తుడుచుకుంటూ.

"మరి కుళాయి పని?"

"ఇదే మొదటిసారి బాబూ."

"పానా ఎందుకు పట్టుకున్నారు?"

"నువ్విచ్చావు కదా!"

మనవడు స్నానాల గదిలోకి పరుగెత్తి నీళ్లు కట్టేసి వచ్చాడు. అప్పుడు ఇద్దరూ తడిసిన కోళ్లలా నిలబడి, ఒకేసారి నా వైపు తిరిగారు. ఇక దాచేదేముంది? నర్సుకు చెప్పిన అబద్ధం, వాడికి చెప్పిన అబద్ధం, రెండూ కక్కేశాను.

"నాకు పిచ్చని ఊరంతా చాటింపు వేశావా అమ్మమ్మా?" అన్నాడు మనవడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. సామాను గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు.

ఆ తోడుమనిషి ముఖం పాలిపోయింది. "పెద్దమ్మా, మనిషి ఒప్పుకోకుండా మేం గడప తొక్కకూడదు. ఇది తప్పు. ఆస్పత్రిలో చెప్పాలి నేను" అన్నాడు. తర్వాత సామాను గది ముందు నిలబడి, మూసిన తలుపుతోనే మాట్లాడాడు. "బాబూ, నువ్వు రమ్మన్లేదని నాకు తెలీదు. క్షమించు. కుళాయి చెడగొట్టింది మాత్రం నేనే. ఎల్లుండి పదింటికి కొత్తది తెస్తా. తలుపు తియ్యాలనిపించకపోతే గుమ్మం ముందు పెట్టి వెళ్లిపోతా."

ఆ రెండు రోజులూ వాడు తనంతట తాను నాతో మాట్లాడలేదు. కానీ వంటింట్లో నీళ్లు లేవు కదా, నేను లేచేసరికి రెండు బకెట్లు నింపి పెట్టి ఉంచేవాడు. కోపంలో కూడా నా నడుము నొప్పి మరిచిపోని పిల్లాడు. శుక్రవారం రాత్రి నేనే వాడి దగ్గరికి వెళ్లి, "తప్పు చేశాన్రా" అన్నాను.

"అబద్ధమెందుకమ్మమ్మా?"

"నిజం చెబితే ఇంట్లో ఉండేవాడివా?"

"ఉండేవాణ్ణి కాదు."

"మరి?"

వాడు నవ్వలేదు గానీ, పెదవి ఒక పక్క కొంచెం కదిలింది.

శనివారం పదింటికి తలుపు చప్పుడైంది. నేను బఠానీలు ఒలుస్తున్నాను. "వచ్చింది నీకోసం. తీస్తే తియ్యి, లేకపోతే లేదు. నేను మాత్రం లేవను" అన్నాను. వాడు కుర్చీలో అలాగే కూర్చున్నాడు. మళ్లీ తట్టలేదు. బయట సంచిలోంచి ఏదో తీసి కింద పెట్టిన చప్పుడు వినిపించింది, తర్వాత మెట్లు దిగుతున్న అడుగులు. నా చేతిలో బఠానీకాయ అలాగే ఉండిపోయింది. వచ్చిన మనిషి వెళ్లిపోతున్నాడు, ఆయనతోపాటు కండక్టరమ్మా బిడ్డా కూడా మెట్లు దిగి వెళ్లిపోతున్నట్టు అనిపించింది నాకు.

వాడు లేచి తలుపు తీశాడు. "కుళాయి ఇచ్చేసి పోతే బిగించేదెవరు?" అని మెట్ల మీదికి కేకేశాడు.

కింది నుంచి జవాబు వచ్చింది. "నేను బిగిస్తే మనం మళ్లీ ఈత కొట్టాలి బాబూ!"

"పైకి రండి. టార్చి పట్టుకోండి చాలు."

మనవడు గిన్నెలు కడిగే తొట్టి కింద దూరి పని మొదలుపెట్టాడు. ఆయన పక్కనే నేల మీద చతికిలబడి టార్చి పట్టాడు. నేను బఠానీల పళ్లెంతో గుమ్మంలోనే కూర్చున్నాను, చెవులు మూసుకొమ్మని ఎవరూ చెప్పలేదు కదా.

"వంటవాళ్లకి కూడా బల్ల కింద దూరడం నేర్పిస్తారా?" అన్నాడు మనవడు. అందులో వెటకారం ఉంది.

"నేర్పరు. మేమే నేర్చుకుంటాం" అన్నాడాయన. "ఒక రోజు పద్దెనిమిది మందికి వండి, డబ్బాలు సర్ది కూర్చున్నా. తినడానికి పదకొండు మందే వచ్చారు. మిగిలిన ఏడు డబ్బాలు నేనే పారబోశా. ఇంటికొచ్చాక కంచంలో మెతుకు మిగిలితే చాలు, చూడలేకపోయేవాణ్ణి. మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్లు. ఒకరోజు సగం తిని లేచింది. కంచం తీసి గోడకేసి కొట్టా. దానికి తగల్లేదు. తగల్లేదు గానీ..."

టార్చి వెలుగు కొంచెం పక్కకు జరిగింది. మనవడు చెయ్యి చాచి, టార్చిని మళ్లీ సరిగ్గా పెట్టాడు.

"ఇప్పుడు ఎంత మీ అమ్మాయికి?"

"పద్నాలుగు. నా కంచంలోంచే ఎత్తుకు తింటుంది, దొంగమొహంది."

"పూర్తిగా తగ్గిందా మీకు?"

"ఎక్కడ? మొన్న కుళాయి ఎగిరినప్పుడు నేనెక్కడున్నా?"

"బల్ల కింద."

"నువ్వు?"

"బల్ల కిందే."

"కాకపోతే నేను ఆ సాయంత్రం ఇంటికెళ్లి మా ఆవిడకి చెప్పి, పడీపడీ నవ్వా. నువ్వెవరికి చెప్పావు?"

మనవడు తెల్ల టేపు చుట్టాడు, కుళాయి బిగించాడు, వదులు చేశాడు, మళ్లీ బిగించాడు.

"డాక్టరమ్మ దగ్గర పది నిమిషాలు కూర్చున్నావట" అన్నాడాయన. "నేను మొదటిసారి ఏడు నిమిషాల్లోనే పారిపోయా."

"ఏడేనా?"

"పరుగులో నీకంటే వంటవాడే నయం."

ఈసారి వాడు నవ్వాడు. తొట్టి కింద నుంచి వచ్చింది కాబట్టి ఆ నవ్వు డొల్లగా వినిపించింది, అయినా నవ్వు నవ్వే. కొంచెం సేపటికి, కుళాయితో చెబుతున్నట్టుగా అన్నాడు. "టిక్కులు కాదు బాబాయ్. ఆ గదిలో కుర్చీ వీపు తలుపు వైపు ఉంది. తలుపు వైపు తిరిగితే కిటికీ వీపు వెనక పడుతుంది. రెండూ ఒకేసారి చూసుకోవడం నావల్ల కాలేదు. ఆవిడ అడిగేది వినపడలేదు నాకు."

ఆ ఆస్పత్రి దుప్పట్లు ముప్ఫై ఒక్క ఏళ్లు ఉతికినదాన్ని. కుర్చీ సంగతి నాకు ఏనాడూ తట్టలేదు. "అంతేనా నాయనా? కుర్చీ తిప్పుకుంటే సరిపోయేది కదా" అని నోటిదాకా వచ్చింది. బఠానీలు నోట్లో వేసుకొని నోరు మూసుకున్నాను.

ఆయన మాత్రం అదేమంత విషయం అనలేదు, అయ్యో అని కూడా అనలేదు. "సరే. సోమవారం కిటికీ నువ్వు చూసుకో. తలుపు నేను చూసుకుంటా" అన్నాడు, ఇంటిపని పంచుకున్నంత మామూలుగా. "డాక్టరమ్మకి ముందే చెప్పి పెడతా. సరేనా? సరే అంటేనే వస్తా. ఈసారి నీ నోటితో వినాలి, మీ అమ్మమ్మ నోటితో కాదు."

"సరే" అన్నాడు వాడు. ఆ మాట నా చెవులతో నేను విన్నాను.

సోమవారం నేనూ వెళ్లాను. వరండాలో, గది ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చున్నాను. గది తలుపుకు అరచేయంత అద్దం ఉంది. అందులోంచి తోడుమనిషి ముఖమే కనిపించింది. తలుపుకు ఎదురుగా కుర్చీ వేసుకొని, కాపలావాడిలా రెప్ప వేయకుండా చూస్తున్నాడు. నేను కొంచెం వంగితే మనవడి వీపు కూడా కనిపించేది, కిటికీ వైపు తిరిగి. పది నిమిషాలైంది. పదిహేనైంది. ఇరవై అయ్యేసరికి తోడుమనిషి అద్దంలోంచి నన్ను చూసి కన్ను కొట్టాడు. నా వయసుకు కన్ను కొట్టించుకోవడం ఏమిటో!

నలభై ఐదు నిమిషాలకు తలుపు తెరుచుకుంది. మనవడి చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది. డాక్టరమ్మ గుమ్మం దాకా వచ్చి, ప్రతి సోమవారం రమ్మంది, శుక్రవారాలు ఇలాంటివాళ్లు ఆరుగురు కలిసి కూర్చుంటారు, దానికి కూడా రమ్మంది. ఇది నెలల పని, తొందరేమీ లేదంది. కొన్నాళ్లు పడక వేరుగానే ఉండనివ్వమని, మెలకువగా కూర్చుని ఉన్నప్పుడు బిడ్డను నిక్షేపంగా ఎత్తుకోవచ్చని, ఇంట్లోవాళ్లు వెనక నుంచి కాక ముందు నుంచి పిలిచి రావాలని చెప్పింది.

వరండాలోనే వాడు భార్యకు ఫోన్ చేశాడు. అవతలి గొంతు నాకు కూడా వినిపించింది. ఆ గొంతు ఎవరికి వినిపించదు?

"వెళ్లాను" అన్నాడు.

"ఎంతసేపు?"

"నలభై ఐదు నిమిషాలు."

"మళ్లీ ఎప్పుడు?"

"శుక్రవారం. తర్వాత సోమవారం."

"రేపు మధ్యాహ్నం వస్తా. ఇల్లు ఊడ్చి ఉంచు" అంది.

వాడు తోడుమనిషి వైపు తిరిగి, "రేపు మీరు కూడా రండి బాబాయ్" అన్నాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. "అది మీ ఇల్లు, మీ కాపురం. నా పని అక్కడిదాకా లేదు. ఫోన్ దగ్గరే ఉంటా."

మంగళవారం మధ్యాహ్నం మా వీధి మలుపులో సిటీ బస్సు ఆగింది. అక్కడ స్టాపు లేదు. కండక్టరమ్మ సెలవులో ఉన్నా డ్రైవర్లు ఆ పిల్ల మాట జవదాటరు. మొదటి అంతస్తు నుంచే కేకలు మొదలయ్యాయి. "వస్తున్నా! ముందు నుంచే వస్తున్నా! రెండో అంతస్తు! ఇదిగో, మూడో అంతస్తు!" మేడలో ఉన్నవాళ్లంతా తలుపులు తీసి చూశారు. ఆ పిల్లకు లెక్కే లేదు.

వాడు గోడకు ఆనుకొని నేల మీద కూర్చున్నాడు. నేల మీద అయితే బిడ్డ కింద పడే ప్రశ్న లేదని వాడి లెక్క. కండక్టరమ్మ వాడి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, "చేతులు తియ్యి జేబుల్లోంచి" అంది. తీశాడు. వణుకుతున్నాయి. "వణికితే వణకనీ. దాన్ని ఊపాల్సిన పని తప్పుతుంది నాకు" అంటూ బిడ్డను పెట్టింది.

బిడ్డ రెండు క్షణాలు వాడి ముఖం చూసింది. తర్వాత నోరు తెరిచింది. తల్లి గొంతు తప్పలేదు దానికి! ఆ అరుపుకు వాడి భుజాలు బిగుసుకుపోయాయి, కళ్లు మూతపడ్డాయి. కండక్టరమ్మ చెయ్యి ముందుకు రాబోయి, ఆగిపోయింది. నేను కూడా కదలలేదు. వాడు కళ్లు తెరిచాడు. చేతులు వదలలేదు. ఒక చేత్తో ఫోన్ తియ్యలేక, "అమ్మమ్మా, బాబాయ్‌కి కలుపు" అన్నాడు. కలిపి వాడి చెవి దగ్గర పెట్టాను.

"బాబాయ్, ఏడుస్తోంది. ఏం చెయ్యాలి?"

"నన్నడుగుతావేంటి? వంద మందికి పులుసు కాచమంటే కాస్తా. పక్కన ఇద్దరు ఆడవాళ్లని పెట్టుకొని! నీకెలా ఉంది?"

"చెమట పడుతోంది. కానీ ఇక్కడే ఉన్నా."

"అయితే ఉండు."

"తల కింద చెయ్యి ఇంకొంచెం పైకి" అంది కండక్టరమ్మ. వాడు జరిపాడు. బిడ్డ ఇంకో నాలుగు కేకలు పెట్టి, వాడి చొక్కా గుండీ పిడికిట్లో పట్టుకొని, ఎక్కిళ్లు పెడుతూ నిద్రలోకి జారింది.

నేను వేడి పులుసు, రొట్టె తెచ్చి కండక్టరమ్మ ముందు పెట్టాను. ఆ పిల్ల రొట్టె విరిచి, ముంచి, తిని, "పాతిక రోజులైంది అమ్మమ్మగారూ, రెండు చేతులతో తిని" అంది. కళ్లు తుడుచుకొని ఇంకో ముక్క అడిగింది. తిన్నాక అక్కడే చాప మీద ఒరిగి, పిలిచినా పలకనంత గాఢంగా నిద్రపోయింది.

గంటన్నర గడిచింది. వాడు కదలలేదు.

"కాలు తిమ్మిరెక్కిందమ్మమ్మా" అన్నాడు గుసగుసగా.

"ఇలా ఇవ్వు మరి."

వాడు బిడ్డ వైపు చూశాడు, నా చాచిన చేతుల వైపు చూశాడు.

"వద్దులే" అన్నాడు. "ఇంకాసేపు."